ఆరని సిలికాన్

జూలై 9, గురువారం

అద్దాలు అతికించే సిలికాన్ జిగురు కంపెనీవాళ్ళ పత్రిక వచ్చింది. మన ప్రాంతంలో సిలికాన్‌కు గిరాకీ ఏటేటా పెరుగుతుందట. ఎత్తయిన భవనాలు, గోడలకు బదులు గాజు, ఇల్లు చల్లగా ఉండాలనే కొత్త నిబంధనలు, సోలార్ పలకలు, కరెంటు కార్లు, అన్నిటికీ అతుకు పెట్టేది సిలికానే అట. రెండేళ్ళ కిందట ఇదే పత్రికలో దాదాపు ఇవే మాటలు చదివి నూట నలభై పెట్టెలు తెప్పించాను. బీరూత్‌లో ఇప్పుడు ఎత్తయిన భవనం ఎవడు కడుతున్నాడు? కట్టినవి ఖాళీగా ఉన్నాయి. పెట్టెలు మాత్రం కొట్టు వెనక రేకుల షెడ్డులో నిండుగా ఉన్నాయి.

జాబెల్ పత్రిక తిరగేసి, "దీన్ని కిటికీలో పెట్టు బార్కెవ్, ఎండ ఆగుతుంది" అంది. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. నన్ను నవ్వించడం ఇంకా మానలేదు.

ఫవ్వాజ్ రోజూ పొద్దున్నే వస్తాడు, పని లేకపోయినా. సిరియాలో దేర్ ఎజ్జోర్ నుంచి వచ్చి తొమ్మిదేళ్ళుగా నా దగ్గరే అద్దాలు బిగిస్తున్నాడు. ఊరికే వెళ్ళిపొమ్మనడానికి నాకు నోరు రావడం లేదు.

జూలై 21, మంగళవారం

పెట్టెల్లోని సిలికాన్ ట్యూబుల గడువు తేదీ మార్చితో అయిపోయింది. రేకుల కింద రెండు వేసవులు ఉడికాయి. ఫవ్వాజ్ అట్టముక్క మీద ఒక గీత వేసి రెండు రోజులు వదిలేశాడు. ఇవాళ వేలితో పట్టి లాగాడు. పైన పొర కట్టింది, లోపల చూయింగ్ గమ్‌లా సాగింది.

"చచ్చిపోయింది మేస్త్రీ. పారేద్దాం."

"ఉండనీ. తేమ తగిలితే ఆరుతుందేమో."

"బీరూత్‌లో ఇంకా తేమ కావాలా?" అన్నాడు చొక్కా పిండి చూపిస్తూ.

పారేయలేదు. పారేయడానికి కూడా లారీ కావాలి కదా.

ఆగస్టు 7, శుక్రవారం

రాయాలి. మూడు రోజులయింది.

మంగళవారం సాయంత్రం ఆరు దాటింది. నేను షెడ్డులో ఉన్నాను. జాబెల్ కొట్టు ముందు అద్దం దగ్గర నిలబడి రేవు వైపు పొగ చూస్తోంది. "బార్కెవ్, ఇలా రా, పొగ గులాబీ రంగులో ఉంది" అని పిలిచింది. వస్తున్నానన్నాను. వెళ్ళలేదు, చేతిలో ఏదో ఉంది. ఏముందో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

రేవు పేలింది. తర్వాత చెవుల్లో ఏ శబ్దమూ లేదు. బయటికొస్తే కొట్టే లేదు. తొమ్మిదేళ్ళ కిందట నా చేతులతో నేనే బిగించిన అద్దం అది. పది మిల్లీమీటర్ల మందం. జాబెల్ ముఖం నిండా అదే.

గెయితావి ఆస్పత్రి వరకూ ఎత్తుకుని వెళ్ళాను. ఆస్పత్రి కూడా కూలినట్టే ఉంది. రోగులను బయటికి మోసుకొస్తున్నారు. కార్లు నిలిపే చోట నేల మీద పడుకోబెట్టాను. ఒక నర్సు వచ్చింది. ఆమె నుదుటి మీద కూడా రక్తం. సంచిలోంచి సూది తీసింది.

"ఫోన్ లైటు వేసి పట్టుకోండి."

పట్టుకున్నాను.

"నా చెయ్యి వణకడం లేదు, మీది వణుకుతోంది. సరిగ్గా పట్టండి."

మత్తు లేకుండా పదిహేడు కుట్లు. జాబెల్ అరవలేదు, ఆ నర్సు చెయ్యినే చూస్తూ ఉండిపోయింది, ఉన్న ఒక్క కంటితో. ఎడమ కన్ను పోయింది. మిగిలింది దక్కిందంటే ఆ చేతి వల్లేనని నిన్న డాక్టరు చెప్పాడు. నర్సు పేరు నుహాద్.

ఆగస్టు 9

ఊరంతా గాజు ఊడ్చే చప్పుడు. ఇంకే చప్పుడూ లేదు.

ఆగస్టు 12, బుధవారం

కొట్టుకు ముందు గోడ లేదు, అయినా జనం వరసగా నిలబడ్డారు. తాజా సరుకు మూడు పెట్టెలుంటే పొద్దున్నే అయిపోయింది. దిగుమతివాళ్ళ ఏజెంటుకు ఫోన్ చేశాను. రేవులో ఉన్న కంటైనర్లు పోయాయన్నాడు. కొత్తవి రావడానికి ఆరు వారాలట.

"బార్కెవ్ అన్నా, ఇలాంటి గిరాకీ నా సర్వీసులో చూడలేదు. ఊరు ఊరంతా కిటికీలే కదా!"

ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టేయలేదు. "ఆరు వారాలు ఖాయమేనా?" అని అడిగాను.

ఆగస్టు 14, శుక్రవారం

రేవు పక్కనున్న మార్ మిఖాయెల్ పేట నుంచి ఒకతను వచ్చాడు. ఇంట్లో కవల పిల్లలు, కిటికీలకు నైలాన్ కవర్లు కట్టారట. రాత్రంతా అవి కొట్టుకుంటుంటే పిల్లలు పేలుడనుకుని లేచి ఏడుస్తున్నారట. "ఏదో ఒకటి ఇవ్వండి, షెడ్డులో పెట్టెలు కనిపిస్తున్నాయి" అన్నాడు.

పాతవన్నాను. పాతవైనా పర్లేదన్నాడు.

నైలాన్ కంటే నయమే కదా. ఎండ బాగా కాస్తోంది, ఎండకు ఆరుతుంది.

ఆగస్టు 15

గోళ్ళ రంగు తుడిచే సీసా ఎక్కడుందని జాబెల్ అడిగింది. తెలియదన్నాను. ఆ సీసాలోదానితో తుడిస్తే ట్యూబు మీద తేదీ చెరిగిపోతుంది, గీత కూడా మిగలదు.

ఆగస్టు 20, గురువారం

రోజుకు ఒకటి రెండు ఇళ్ళు. గాజు దొరకడమే గగనం, దొరికిన ముక్కనల్లా బిగిస్తున్నాం. ఫ్రేములన్నీ వంకరపోయాయి. అద్దాన్ని పట్టుకునే బీడింగులు వీధిలో చెత్తతో పాటు వెళ్ళిపోయాయి. కాబట్టి చుట్టూ సిలికాన్ దట్టంగా వేస్తున్నాం. అద్దాన్ని ఆపేది అదొక్కటే.

ఫవ్వాజ్ ఇవాళ ఒక ఇంట్లో సిలికాన్ వేసే గన్ను కింద పెట్టేశాడు.

"మేస్త్రీ, ఇది షెడ్డులోది."

"అయితే?"

"అట్ట మీద చూశాం కదా."

"అట్ట వేరు, అద్దం వేరు."

"వేరే. అట్ట మనిషి మీద పడితే ఎవడూ చావడు."

ఇంటావిడ కాఫీ పట్టుకొచ్చింది. ఫవ్వాజ్ కప్పు అందుకున్నాడు. కాఫీ తాగాక అతనే గన్ను తీసుకున్నాడు. ఒప్పుకున్నట్టేగా.

సెప్టెంబరు 1, మంగళవారం

ఉత్తరాన ట్రిపోలీలో తెలిసినవాడు పన్నెండు తాజా ట్యూబులు పంపాడు. మన ఇంటి కిటికీలు ఇవాళే చేశాను. జాబెల్ పక్కన ఇంకో అద్దం పగలకూడదు.

సెప్టెంబరు 3, గురువారం

నుహాద్ ఇంటికి వెళ్ళాను. గెయితావిలోనే, ఆస్పత్రి దగ్గర మూడో అంతస్తు, ఒంటరిగా ఉంటుంది, ఒక పిల్లి తోడు. రేవు వైపున్న పెద్ద కిటికీకి నెల రోజులుగా దుప్పటి కట్టి ఉంది. డ్యూటీ నుంచి వచ్చి అలా పడి నిద్రపోతుందట. నేనే అడిగి వెళ్ళాను, పైసా తీసుకోనన్నాను.

"అలా ఎలా బార్కెవ్ గారూ?" అంది.

"మీరు మా జాబెల్ దగ్గర తీసుకున్నారా?"

నవ్వేసింది. పప్పు, అన్నం, వేయించిన ఉల్లిపాయలతో ముజద్దరా పెట్టింది. పెద్ద అద్దం ఒక్కటే ముక్క దొరికింది, అందంగా కుదిరింది. దుప్పటి తీయగానే గది నిండా వెలుతురు. నుహాద్ కళ్ళు తుడుచుకుంది. నాకూ మనసు నిండింది. ఈ నెలలో చేసిన పనుల్లో ఇదే మంచి పని.

సెప్టెంబరు 27, ఆదివారం

ఫవ్వాజ్ వెళ్ళిపోయాడు. ఊరి శివారున దౌరాలో ఇంకొకడి దగ్గర చేరాడు. "సెలవు మేస్త్రీ" అన్నాడంతే. తొమ్మిదేళ్ళు చేసినవాడు కారణమైనా చెప్పాలి కదా.

అక్టోబరు 6

కొత్త కంటైనర్లు వచ్చాయి. ఇకనుంచి అంతా తాజా సరుకే. షెడ్డులో మిగిలిన పాత పెట్టెలు ఇరవై. అయిపోయిందేదో అయిపోయింది.

అక్టోబరు 30, శుక్రవారం

మొదటి వాన. కిటికీ చుట్టూ నీళ్ళు కారుతున్నాయని మూడు ఫోన్లు. గోడ బీటలు వారి ఉంటుందన్నాను. పేలుడుకు అందరి గోడలూ బీటలు వారాయి. అది నిజమే.

నవంబరు 19, గురువారం

లాక్‌డౌన్ కదా, జాబెల్ ఏమీ తోచక షెడ్డు సర్దడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఒక చేతిలో తన గోళ్ళ రంగు తుడిచే సీసా, ఇంకో చేతిలో ట్యూబు.

"దీని మీద తేదీ ఏమైంది?"

"చెరిగిపోయి ఉంటుంది."

"వరసగా అన్నిటికీ, అదే చోటా? ఒక కన్ను పోయిందే గానీ గుడ్డిదాన్ని కాలేదు బార్కెవ్."

"ఊళ్ళో అందరూ ఇదే వేశారు జాబెల్. ఆ రోజుల్లో ఎవరి దగ్గర ఏముంటే అదే వేశారు."

"అందరి సంగతీ నేను అడగలేదు. ఎన్ని ఇళ్ళకు వేశావు?"

గుర్తు లేదన్నాను. నా దగ్గర నోట్‌బుక్కులో చిరునామాలతో సహా ఉంది.

నవంబరు 20

మాట్లాడటం లేదు. అన్నం మాత్రం వడ్డిస్తోంది.

డిసెంబరు 8, మంగళవారం

గాలి. ఫోన్ ఆపేశాను.

డిసెంబరు 9, బుధవారం

నిన్న పొద్దున ఏడింటికి నుహాద్ డ్యూటీకి బయలుదేరబోతూ, గాలికి కొట్టుకుంటున్న తలుపురెక్క వేద్దామని పెద్ద కిటికీ దగ్గరకు వెళ్ళిందట. అద్దం మొత్తంగా ఫ్రేములోంచి లోపలికి వచ్చేసిందట. ముఖానికి అడ్డంగా కుడి చెయ్యి పెట్టుకుంది. వాళ్ళ వీధిలో కూరగాయలమ్మే అతను చెప్పాడు.

డిసెంబరు 11, శుక్రవారం

ఆస్పత్రికి వెళ్ళాను, నారింజలు పట్టుకుని. మణికట్టు దగ్గర నరాలూ కండరాల తాళ్ళూ తెగాయి. ఆపరేషన్ అయింది. వేళ్ళు కదలడం లేదు. చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది.

నన్ను చూసి, "అయ్యో, ఇంత దూరం వచ్చారా! మీ పనిలో లోపమని మాత్రం అనుకోకండి బార్కెవ్ గారూ. గాలి అలాంటిది" అంది.

"అవును, గాలి బాగా వీచింది" అన్నాను.

నారింజ ఒలిచి ఇచ్చాను. ఎడమ చేత్తో తింది. "నేర్చుకోవాలి" అంది.

డిసెంబరు 12

గంటకు ఎనభై కిలోమీటర్ల గాలి అని రేడియోలో చెప్పారు. ఎనభైకి తాజా సిలికాన్ కూడా ఆగదేమో.

ఆగుతుంది. నూట యాభైకి కూడా ఆగుతుంది. డబ్బా మీదే రాసి ఉంటుంది.

డిసెంబరు 14, సోమవారం

సెప్టెంబరు మూడు నాటి పేజీ తిరిగి చదివాను. ముజద్దరా గురించి రాశాను. వెలుతురు గురించి రాశాను. ఏ ట్యూబు వేశానో రాయలేదు.

తాజావి పన్నెండు వచ్చాయి. మా ఇంటికి ఏడు పట్టాయి. అయిదు మిగిలాయి. ఆమె కిటికీకి నాలుగు చాలు. సంచిలో పెట్టుకునేటప్పుడు వాటి మీద చెయ్యి కూడా వేశాను. రేపు మనకే అవసరం పడితే ఎలా అనుకున్నాను. అనుకుని, షెడ్డులోకి వెళ్ళాను. ఆ అయిదూ ఇంకా వంటింటి అలమరాలో ఉన్నాయి.

ఇది చదివాక జాబెల్‌కు చెప్పాను. డైరీ చూపించలేదు, నోటితోనే చెప్పాను.

"నా ముఖం కుట్టిన చెయ్యి అది" అంది. తర్వాత, "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

డిసెంబరు 15, మంగళవారం

చెప్పాను. ఆస్పత్రిలో, నుహాద్ మంచం పక్కన, అయిదు నిమిషాలు పట్టింది. తేదీ, సీసా, అట్టముక్క, అలమరాలో అయిదు ట్యూబులు, అన్నీ చెప్పాను. నుహాద్ పైకప్పు వైపు చూస్తూ విన్నది. తిడుతుందనుకున్నాను. నిజానికి తిట్టించుకోవాలనే వెళ్ళాను.

"ఎన్ని ఇళ్ళు?" అంది.

"అరవై ఒకటి."

"మొన్నటి గాలికి ఎన్ని పడ్డాయి?"

"తెలియదు. ఫోన్ ఆపేశాను."

అప్పుడు నా వైపు తిరిగింది. "మరి ఇక్కడేం చేస్తున్నావు? నా మంచం పక్కన కూర్చుంటే ఆ అద్దాలు ఆగుతాయా? లే. బయటికి నడువు."

డిసెంబరు 18, శుక్రవారం

దౌరా వెళ్ళి, ఆ కిటికీలన్నీ మళ్ళీ చేయడానికి రమ్మని ఫవ్వాజ్‌ను అడిగాను. సిగరెట్ పూర్తి చేసి ఆర్పాడు.

"ఆ ఇళ్ళలో సగం నా చేత్తోనే బిగించాను మేస్త్రీ. రాత్రి పడుకుంటే ఒక్కొక్క కిటికీ గుర్తొస్తుంది. ఆ రోజు కాఫీ తాగి గన్ను మళ్ళీ పట్టుకోకుండా ఉండాల్సింది." తర్వాత, "మీకోసం కాదు" అంటూ మెట్లు దిగాడు.

ముందు కవల పిల్లల ఇల్లు. ఫవ్వాజ్ రెండు వేళ్ళతో నెట్టాడు. అద్దం మెల్లగా కదిలింది, పాలమీద మీగడ కదిలినట్టు. దాని కిందే పిల్లల మంచం.

డిసెంబరు 29, మంగళవారం

పద్దెనిమిది ఇళ్ళు. పాతదంతా బ్లేడుతో గోకి, తుడిచి, కొత్తగా వేయాలి. అంటే ముందు ఎందుకు గోకుతున్నామో చెప్పాలి. కొందరు తలుపు వేసేశారు. ఒకావిడ విని, తన పిల్లలను పక్క గదిలోకి తీసుకెళ్ళి గడియ పెట్టుకుంది, నేనేదో దొంగనైనట్టు. రెండు ఇళ్ళలో అద్దాలు అప్పటికే వీధిలోకి పడ్డాయి. ఎవరికీ తగల్లేదు. కింద నడిచేవాళ్ళు లేని సమయం, అంతే.

జనవరి 6, బుధవారం

మా అర్మేనియన్ల క్రిస్మస్. చర్చికి జాబెల్ ఒక్కతే వెళ్ళింది. నేను, ఫవ్వాజ్ రెండు ఇళ్ళు చేశాం. రెండో ఇంటాయన బస్సు డ్రైవరు. విషయం చెప్పడం పూర్తికాకముందే కొట్టాడు. కింది పెదవి చిట్లింది. తర్వాత తనే నిచ్చెన పట్టుకున్నాడు, పని అయ్యేదాకా. వెళ్ళేటప్పుడు, "మళ్ళీ ఈ వీధిలో కనిపించకు" అన్నాడు.

జనవరి 11, సోమవారం

గురువారం నుంచి ఊరు మొత్తం బంద్. గుమ్మం దాటకూడదు, రోజంతా ఇంట్లోనే. కరోనా జబ్బు అంతలా పెరిగింది.

ముప్పై ఎనిమిది అయ్యాయి. ఇరవై మూడు మిగిలాయి. ఆ ఇరవై మూడు ఇళ్ళవాళ్ళూ పగలూ రాత్రీ ఇంట్లోనే, ఆ కిటికీల కిందే ఉంటారు. వారాంతంలో గాలివాన అని చెబుతున్నారు.

జనవరి 12, మంగళవారం

నాలుగు ఇళ్ళు చేశాం, మోచేతులు పైకి లేవడం లేదు. మిగతావాళ్ళకు ఫోన్ చేశాను, కనీసం మంచాలైనా జరుపుకొమ్మని. పేరు చెప్పగానే పెట్టేస్తున్నారు. కబురు నాకంటే ముందు వెళ్ళింది. ఒకాయన, "నీ నోటి నుంచి ఏదొచ్చినా నమ్మను" అన్నాడు. బాగున్న గాజు ఊడదీయించి ఇంకో బేరం చేసుకోవడానికి వచ్చాననుకుంటున్నారు.

జాబెల్ నా నోట్‌బుక్కు సంచిలో వేసుకుని బయటికి వెళ్ళింది. ఎక్కడికని అడిగే ధైర్యం లేకపోయింది.

జనవరి 13, బుధవారం

మూడు ఇళ్ళు చేసేసరికి మధ్యాహ్నం మూడయింది. సాయంత్రం అయిదుకు కర్ఫ్యూ, ఆలోగా అందరూ ఇళ్ళకు చేరాలి. జాబెల్ మళ్ళీ పొద్దుటి నుంచి లేదు. నుహాద్ ఇంట్లో ఉన్నానని ఫోన్ చేసింది, వచ్చి తీసుకెళ్ళమంది.

గుమ్మంలోనే నిలబడ్డాను. జాబెల్ నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని నంబర్లు చదువుతోంది. నుహాద్ ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుంది. కుడి చెయ్యి దిండు మీద ఉంది, వేళ్ళు లోపలికి ముడుచుకుని. రెండో ఆపరేషన్ కూడా ఫలించలేదట. ఆస్పత్రివాళ్ళు ఆమెను కాగితాల పనికి మార్చారు.

"హలో, నేను నర్సు నుహాద్‌ని. గెయితావి ఆస్పత్రి నుంచి... లేదు, జబ్బు గురించి కాదు. మీ హాల్లో పెద్ద కిటికీ ఉందా? దానికింద ఎవరు పడుకుంటారు?... నాన్నగారా? ఇప్పుడే జరపండి, నేను ఫోన్ పట్టుకునే ఉంటాను... ఆ, ఇప్పుడే. అద్దానికి అడ్డంగా రెండు చెక్కలు కొట్టండి. చెక్క లేకపోతే అలమరా తలుపు ఊడదీయండి... ఎవరు చెప్పారా? అద్దం నామీద పడింది, నేనే చెబుతున్నాను."

జాబెల్ పెన్నుతో ఒక పేరు మీద గీత పెట్టింది. పదహారు పేర్లలో అది పదహారోది.

నుహాద్ ఫోన్ పక్కన పెట్టి, చెవి రుద్దుకుని, అప్పుడు నన్ను చూసింది. క్షమించమనడానికి ఇన్ని రోజులుగా మాటలు సాధన చేశాను. బయటికి వచ్చింది వేరే.

"సంచిలో తాజా ట్యూబులున్నాయి. ఇంకా గంటన్నర టైముంది. మీ కిటికీ..."

"అయిపోయింది" అంది.

చూశాను. రేవు వైపున్న ఫ్రేము నిండా చెక్క పలకలు కొట్టించింది, పైనుంచి కింద దాకా, సందు లేకుండా. పట్టపగలు మూడున్నరకు గదిలో బల్బు వెలుగుతోంది.

"అలా అయితే వెలుతురు రాదు కదా" అన్నాను.

"రాదు" అంది నుహాద్.

జాబెల్ లేచి కోటు వేసుకుంది. మెట్లు దిగుతుంటే కరెంటు పోయింది. పైన ఆ గదిలోంచి, చీకట్లో ఏదో కింద పడిన చప్పుడు, ఆమె పిల్లిని పిలవడం వినిపించాయి. నేను ఆగాను. జాబెల్ నా మోచెయ్యి పట్టుకుని, "నడువు, ఇది నీ ఇల్లు కాదు" అంది.